నాగార్జునసాగర్‌లో కాలక్షేపం: హైదరాబాద్ నుంచి వెళ్ళేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

సాగర్ అంటే చాలామందికి డ్యాం గేట్లే. టీవీలో గేట్లు కనిపించగానే ఆదివారం కారు తీయడం, బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో రెండు గంటలు ఇరుక్కోవడం, నాలుగు సెల్ఫీలు దిగి తిరుగు ప్రయాణం. అదొక చిన్న ఊరని, నీళ్ళ మట్టాన్ని బట్టి అక్కడి కాలక్షేపం నెలనెలా మారుతుందని తెలిస్తే అదే ఖర్చుతో రెండు రోజులు హాయిగా గడపొచ్చు.

ఏ నెలలో వెళ్తే మంచిది?

ఏం చేయాలనుకుంటున్నారో చెప్తే నెల చెప్పొచ్చు. గేట్లు చూడాలంటే ఆగస్టు నుంచి అక్టోబర్ మధ్య, అదీ పైన వానలు పడిన ఏడాదే. లాంచీ ఎక్కాలంటే అక్టోబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా: జలాశయం నిండుగా ఉంటుంది, గాలి తక్కువ, ఎండ భరించొచ్చు. పిల్లలతో నాగార్జునకొండ (జలాశయం మధ్యలో మ్యూజియం ఉన్న దీవి), అనుపు (మునిగే లోయలోని పాత కట్టడాలను మళ్ళీ కట్టిన చోటు), బుద్ధవనం (హిల్ కాలనీలోని బౌద్ధ పార్కు) తిరగాలంటే డిసెంబర్, జనవరి. ఏప్రిల్, మేలో వెళ్ళాల్సి వస్తే పొద్దున తొమ్మిదిన్నరలోపు, సాయంత్రం ఐదు తర్వాత మాత్రమే బయటికి రండి. అక్కడంతా బండరాయి, పగలు పీల్చుకున్న వేడిని రాత్రి దాకా వదులుతూనే ఉంటుంది.

గేట్లు ఎత్తారో లేదో ఇంట్లో కూర్చుని ఎలా తెలుసుకోవాలి?

వార్తల్లో రోజూ వచ్చే అంకెలు చదవడం నేర్చుకుంటే ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదు. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, ఇప్పటి నిల్వ సామర్థ్యం సుమారు 312 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). స్పిల్‌వే, అంటే వరద నీళ్ళు కిందికి దూకే కట్ట భాగం, దాని అంచు 546 అడుగుల దగ్గర ఉంటుంది. దాని మీద 44 అడుగుల ఎత్తున 26 గేట్లు. నీళ్ళు 546 దాటగానే గేట్లు ఎత్తుతారని కాదు, 590కి దగ్గర పడ్డాకే ఎత్తుతారు.

ముందు నదికి ఎగువనున్న శ్రీశైలం డ్యాం అంకెలు చూడండి. దాని పూర్తి మట్టం 885 అడుగులు. అక్కడ గేట్లు లేవకుండా సాగర్‌లో గేట్లు లేచే అవకాశం తక్కువ. శ్రీశైలం గేట్లు లేచాక సాగర్ నిండడానికి ఎన్ని రోజులో లెక్క కట్టుకోవచ్చు: క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీళ్ళు, ఒక టీఎంసీ అంటే 11,574 క్యూసెక్కుల చొప్పున ఒక రోజంతా వచ్చిన నీళ్ళు. అంటే లక్ష క్యూసెక్కుల ఇన్‌ఫ్లో (లోపలికి వచ్చే నీళ్ళు) రోజంతా ఉంటే దాదాపు 8.6 టీఎంసీలు చేరతాయి. నిల్వ 250 టీఎంసీలు ఉండి, రెండు లక్షల క్యూసెక్కులు వస్తుంటే నాలుగు రోజుల్లో నిండుతుంది. అదే యాభై వేలైతే రెండు వారాలు దాటినా నిండదు, ఎందుకంటే కాలువలకు, కరెంటుకు నీళ్ళు పోతూనే ఉంటాయి.

ఔట్‌ఫ్లో (బయటికి పోయే నీళ్ళు) విషయంలో చాలామంది పొరబడతారు. నలభై వేలని కనిపించగానే గేట్లెత్తారని బయల్దేరతారు. విద్యుత్ కేంద్రం గుండా ముప్పై వేల చుట్టుపక్కల, కుడి ఎడమ కాలువల్లోకి మరికొన్ని వేలు, అన్నీ కలిపితేనే అంత అవుతుంది. ఔట్‌ఫ్లో లక్ష దాటితే నిశ్చింతగా బయల్దేరండి. 'ఫలానా గేట్లు ఇన్ని అడుగుల మేర' అన్న మాట వార్తలో ఉంటే ఇక సందేహమే లేదు.

గేట్లు ఎక్కడి నుంచి బాగా కనిపిస్తాయి?

డ్యాం మీదికి మామూలు సందర్శకులను పంపరు. కిందున్న కొత్త బ్రిడ్జి మీద నుంచి 26 గేట్లూ ఎదురుగా కనిపిస్తాయి. కానీ అది రెండు రాష్ట్రాలను కలిపే రోడ్డు. కారు ఆపితే పోలీసులు కదిలిస్తారు, అది సబబే. ఎడమ ఒడ్డునే కారు వదిలి నడిచి వెళ్ళండి. ఉదయం ఏడు నుంచి తొమ్మిది మధ్య జనం తక్కువ. మధ్యాహ్నమైతే తుంపర మబ్బులా లేచి గేట్లే కనబడని రోజులుంటాయి. ఫోన్‌కు పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ సంచి, కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళకు తుడుచుకునే గుడ్డ తప్పనిసరి. వీలైతే శనివారం కూడా వద్దు, మంగళ బుధవారాల్లో వెళ్ళండి. నీళ్ళకు సెలవు రోజులు తెలియవు.

హైదరాబాద్ నుంచి దారి ఎటు? ఒక్క రోజులో వెళ్ళి రావచ్చా?

సుమారు 150 కిలోమీటర్లు. ఎల్బీ నగర్, బీఎన్ రెడ్డి నగర్ మీదుగా సాగర్ రోడ్డు పట్టుకుంటే ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్, చింతపల్లి, మల్లేపల్లి, పెద్దవూర దాటి సాగర్‌లోని హిల్ కాలనీ. గచ్చిబౌలి వైపు వాళ్ళు ఊళ్ళోకి రాకుండా ఔటర్ మీద బొంగుళూరు దగ్గర దిగితే గంట కలిసొస్తుంది. ఆగకుండా పోతే మూడు గంటల పైచిలుకు.

ఒక్క రోజులో వెళ్ళి రావచ్చు, కానీ అన్నీ చూద్దామనుకోవద్దు. పొద్దున ఐదున్నరకు బయల్దేరితే లాంచీ, కొండ, ఒక పూట భోజనం, డ్యాం చూడటం వరకు సరిపోతుంది. ఎత్తిపోతల జలపాతం, బుద్ధవనం, అనుపు కలుపుకుంటే రాత్రి ఉండాల్సిందే. ఆదివారం సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఇబ్రహీంపట్నం నుంచి ఎల్బీ నగర్ దాకా బండ్లు పాకుతాయి. నాలుగింటికి ముందే బయల్దేరండి, లేదంటే రాత్రి భోంచేసి తాపీగా రండి. మధ్యలో బయల్దేరినవాళ్ళే ఎక్కువ తిప్పలు పడతారు.

సొంత బండి లేదు. బస్సులో వెళ్తే?

మహాత్మాగాంధీ బస్ స్టేషన్ నుంచి సాగర్ బస్సులున్నాయి. మాచర్ల వెళ్ళే బస్సులు కూడా సాగర్ మీదుగా పోతాయి. తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో మహిళలకు రాష్ట్రం లోపల ఉచితం కాబట్టి హిల్ కాలనీ దాకా జీరో టికెట్ ఇస్తారు, ఆధార్ వంటి గుర్తింపు కార్డు ఒరిజినల్ దగ్గర పెట్టుకోండి. బ్రిడ్జి అవతలికి ఆ సౌకర్యం వర్తించదు. ఊళ్ళోకి దిగాక ఆటోయే గతి. ఒక్కో చోటికి విడివిడిగా బేరమాడకండి, పూటకింత అని ముందే మాట్లాడుకుంటే సగానికి సగం తేడా వస్తుంది. ఆగి ఉండే సమయం కూడా అందులో కలిసిందో లేదో అడగండి, గొడవలన్నీ దాని దగ్గరే వస్తాయి.

ఊరు ఎలా ఉంటుంది? ఎక్కడ బస చేయాలి?

ఇది పాతకాలపు ఊరు కాదు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశాక ప్రాజెక్టు కట్టడానికి వచ్చినవాళ్ళ కోసం వెలసిన కాలనీలే ఇప్పటి ఊరు. ఎడమ ఒడ్డున, తెలంగాణలో, పైన హిల్ కాలనీ, కింద పైలాన్ కాలనీ. కుడి ఒడ్డున, ఆంధ్రప్రదేశ్‌లో, విజయపురి సౌత్. కాలువలకు 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీళ్ళు వదిలారు.

లాంచీ, అనుపు, ఎత్తిపోతల మీద మనసుంటే కుడి ఒడ్డున దిగండి. బుద్ధవనం, సాయంత్రం నడక, ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ తిరిగిరావడం ముఖ్యమైతే హిల్ కాలనీ. రెండు వైపులా పర్యాటక సంస్థల హోటళ్ళు ఉన్నాయి. గేట్లు లేచిన వారంలో గదులు దొరకవు, ముందే బుక్ చేసుకోండి. 'రివర్ వ్యూ' అన్న గదిలో నుంచి నిజంగా నీళ్ళు కనిపిస్తాయా, మధ్యలో చెట్లున్నాయా అని ఫోన్‌లో ఒక మాట అడగడంలో తప్పులేదు.

నదిలో దిగొచ్చా? ఈత కొట్టొచ్చా?

ఘాట్ మెట్ల మీద, మోకాళ్ళ లోతు వరకు. ఈత మాత్రం వద్దు. కారణాలు చెప్తాం, ఎందుకంటే ఊరికే 'ప్రమాదం' అని బోర్డు పెడితే ఎవరూ వినరు.

డ్యాం కింది వైపు అసలు చిక్కు గేట్లతో కాదు, విద్యుత్ కేంద్రంతో. ఇక్కడి టర్బైన్లలో ఏడు రివర్సిబుల్ రకం: కరెంటు అవసరమైనప్పుడు నీళ్ళు కిందికి వదులుతాయి, అవసరం లేనప్పుడు కింద నిలిచిన నీళ్ళను తిరిగి పైకి తోడతాయి. అందుకోసమే దిగువన సత్రశాల దగ్గర టెయిల్ పాండ్ (వదిలిన నీళ్ళను నిలిపి ఉంచే చిన్న జలాశయం) కట్టారు. ఫలితంగా ఆకాశంలో మబ్బు లేకపోయినా, గేట్లన్నీ మూసి ఉన్నా, మధ్యాహ్నం బయటపడ్డ రాళ్ళు సాయంత్రానికి మునిగిపోవచ్చు. ఒడ్డు నుంచి నడుచుకుంటూ మధ్యలో బండ మీదికి చేరి ఫొటోలు దిగేవాళ్ళు ఇరుక్కునేది ఇలాగే. నీళ్ళు పెరిగేటప్పుడు హోరు ఉండదు. ముందు బండ చుట్టూ ఉన్న చిన్న పాయల్లో ప్రవాహం మొదలవుతుంది, వచ్చిన దారే మొదట మూసుకుపోతుంది.

జలాశయం వైపు ప్రవాహం కనిపించదు కాబట్టి భద్రమనుకుంటారు. అది మునిగిన లోయ. ఒడ్డు మెల్లగా లోతవదు, రెండడుగులు వేస్తే మూడో అడుగుకు నేల అందదు. పైగా మట్టం తగ్గిన నెలల్లో ఒడ్డంతా ఒండ్రు. పైన ఎండి పెచ్చుకట్టినట్టు ఉంటుంది, కాలు పెడితే మోకాలి దాకా దిగబడుతుంది.

మెట్ల మీద కూడా చివరి తడి మెట్టుకు నాచు ఉంటుంది. చెప్పులు విప్పి, పక్కకు తిరిగి, ఒక చేత్తో గొలుసో మనిషినో పట్టుకుని దిగండి. చీరకొంగు, పంచె అంచు నడుముకు చెక్కుకోండి.

ఎవరైనా మునుగుతుంటే?

వెంటనే దూకొద్దు, ఈత బాగా వచ్చినా సరే. మునిగేవాడు పట్టుకునేది మెడనే. తాడు, రెండు మూడు చున్నీలు ముడేసి, మూత బిగించిన ఖాళీ ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్, ఏది దొరికితే అది విసరండి. కారు డిక్కీలో పది మీటర్ల తాడు, ఖాళీ క్యాన్ ఉంచుకుంటే చాలు. బయటికి తీశాక పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం, కాళ్ళు పట్టుకుని గిరగిరా తిప్పడం చేయకండి. ఊపిరి లేకపోతే నోటి ద్వారా శ్వాస, ఛాతీ నొక్కడం మొదలుపెట్టి, ఇంకొకరితో 108కి ఫోన్ చేయించండి.

నాగార్జునకొండకు లాంచీ ఎక్కడ దొరుకుతుంది?

కుడి ఒడ్డున విజయపురి సౌత్‌లో ఆంధ్రప్రదేశ్ పర్యాటక సంస్థది, ఎడమ ఒడ్డున హిల్ కాలనీ వైపు తెలంగాణ పర్యాటక సంస్థది లాంచీ స్టేషన్ ఉన్నాయి. ఎడమ ఒడ్డున కొన్నిసార్లు కాసేపు జలాశయంలో తిప్పి తెచ్చే షికారు మాత్రమే ఉంటుంది. టికెట్ కొనే ముందు 'కొండకు పోతుందా, ఊరికే తిప్పి తెస్తారా' అని స్పష్టంగా అడగండి.

కొండకు నీటి మీద 11 కిలోమీటర్లు, ముప్పావు గంట నుంచి గంట. లాంచీ అక్కడ గంట సేపు ఆగి అదే జనంతో తిరిగొస్తుంది. మొదటి లాంచీ పట్టుకుంటే మంచిది: ఎండ తక్కువ, ఆలస్యమైనా తర్వాతి లాంచీలో రావచ్చేమో అడగొచ్చు. చివరి లాంచీ అయితే ఆ వీలు లేదు, దీవి మీద రాత్రి ఎవరినీ ఉండనివ్వరు.

మ్యూజియానికి శుక్రవారం సెలవు. దీన్ని మరిచి శుక్రవారం సెలవు పెట్టుకుని వచ్చేవాళ్ళు ప్రతి సీజన్‌లో ఉంటారు. జనం సరిపడా రాకపోయినా, గాలి ఎక్కువగా ఉన్నా, వరద వస్తున్నా లాంచీ తీయరు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగాక ఈ విషయంలో పట్టు బిగిసింది. సిబ్బందితో వాదించి లాభం లేదు, వాదించకూడదు కూడా.

లైఫ్ జాకెట్ సరిగ్గా వేసుకున్నామో లేదో ఎలా తెలుస్తుంది?

జాకెట్ తొడిగి బకిళ్ళన్నీ పెట్టి, పట్టీలు లాగాక, పక్కనున్నవాళ్ళను భుజాల దగ్గర పట్టుకుని పైకి ఎత్తమనండి. జాకెట్ గడ్డం దాటి పైకొస్తే వదులు. నీళ్ళలో పడితే మీరు జారిపోయి జాకెట్ ఒక్కటే తేలుతుంది. పిల్లలకు పెద్దవాళ్ళది వేసి పట్టీ బిగించడం పనికిరాదు, చిన్న సైజు అడగండి, కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నది ఇంకా మంచిది. ఫొటో కోసం విప్పడం, కింద పరుచుకుని కూర్చోవడం రెండూ మామూలే, రెండూ తప్పే. అందరూ ఒకే వైపు రెయిలింగ్‌కు చేరినా లాంచీ ఒరుగుతుంది.

కొండ మీద గంటలో ఏం చూడాలి?

ముందు మ్యూజియం, తర్వాతే తోట. చాలామంది తోటలో ఫొటోలతో నలభై నిమిషాలు గడిపి మ్యూజియంలో పరుగులు తీస్తారు.

చూసేది ఏంటో తెలిస్తే రుచి వేరు. ఇది క్రీస్తు శకం మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. 1926లో వెలుగులోకి వచ్చింది. డ్యాం కడితే లోయంతా మునుగుతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పెద్ద ఎత్తున తవ్వకాలు జరిపారు. దొరికిన శిల్పాలను ఈ మ్యూజియంలోకి చేర్చారు, కొన్ని కట్టడాలను ఇటుక ఇటుకా విప్పి కొండ మీద, అనుపులో మళ్ళీ కట్టారు. మిగిలిన నగరం లాంచీ కిందే ఉంది.

మ్యూజియంలో సున్నపురాయి పలకల ముందు నిలబడి ఒక్కటైనా కింది నుంచి పైకి చదవండి. అడ్డంగా గీతలతో గళ్ళు కట్టి ఒక్కో గడిలో కథలో ఒక్కో ఘట్టం చెక్కారు. శాంతిశ్రీ పేరు కూడా గుర్తుంచుకోండి: ఇక్ష్వాకు రాజు శాంతమూలుడి సోదరి, ఇక్కడి మహాచైత్యానికి (పెద్ద బౌద్ధ స్తూపానికి) దానాలు చేసినట్టు ఆయక స్తంభాల (స్తూపం నాలుగు వైపులా అరుగుల మీద నిలిపిన స్తంభాల) మీది శాసనాలు చెప్తాయి.

నీళ్ళు, టోపీ వెంట తీసుకెళ్ళండి. దీవి మీద భోజనం దొరుకుతుందని నమ్ముకోవద్దు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు లాంచీ నుంచి దిగే పలక దగ్గరే ఇబ్బంది పడతారు, ముందు ఒకరు దిగి చేయి అందించాలి, వెనక ఒకరు ఉండాలి.

సాగర్ నుంచి శ్రీశైలానికి లాంచీ ఉందట, నిజమేనా?

ఉంది, కానీ ఏడాది పొడవునా కాదు. జలాశయం దాదాపు నిండుగా ఉండి వరద తగ్గిన నెలల్లో తెలంగాణ పర్యాటక సంస్థ నడుపుతుంది. నూరు కిలోమీటర్లు పైబడిన ప్రయాణం, ఆరేడు గంటలు పడుతుంది. నల్లమల కొండల మధ్య నుంచి పోతుంది. మొదటి రెండు గంటలు అద్భుతం, తర్వాత పిల్లలు విసుగెత్తుతారు. అష్టాచెమ్మా పట, గవ్వలు సంచిలో వేసుకోండి. ఫోన్ సిగ్నల్ మధ్యలో పోతుంది కాబట్టి సినిమా చూద్దామన్న ఆశ పెట్టుకోవద్దు.

గాలం వేయొచ్చా?

డ్యాం, విద్యుత్ కేంద్రం దగ్గర వద్దు. మిగతా చోట్ల కూడా వేట హక్కు లైసెన్సున్న మత్స్యకారులది. మత్స్యశాఖ వాళ్ళనో, ఒడ్డున ఉన్న మత్స్యకారులనో అడిగి, వాళ్ళతో కలిసి కూర్చోవడమే మర్యాద. వానాకాలం మొదట్లో చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో అసలు పెట్టుకోవద్దు.

సరంజామా పెద్దగా అక్కర్లేదు. నాలుగు మీటర్ల వెదురు కర్ర, 0.30 మిల్లీమీటర్ల నైలాన్ దారం, బెండు, బెండుకు కింద జానెడు దూరంలో చిన్న సీసం గుండు, దానికి కింద గాలం. సీసం ఎంత ఉండాలంటే, నీళ్ళలో వేస్తే బెండు నిటారుగా నిలబడి వేలెడు మాత్రమే పైకి కనిపించాలి. బెండు అడ్డంగా పడుకుంటే సీసం చాలలేదని, పూర్తిగా మునిగితే ఎక్కువైందని.

బొచ్చె, రవ్వ చేపలకు పిండి ఎర: వేయించిన తవుడు రెండు పాళ్ళు, పల్లీ చెక్క పొడి ఒక పాలు, గోధుమపిండి ఒక పాలు, రెండు యాలకులు దంచి వేసి కొద్దికొద్దిగా నీళ్ళతో గట్టిగా కలపాలి. చిన్న ఉండ చేసి చెంబెడు నీళ్ళలో వేసి చూడండి. ఐదు నిమిషాలకు ముందే విచ్చిపోతే గోధుమపిండి తక్కువైంది, పది నిమిషాలైనా రాయిలా ఉంటే ఎక్కువైంది. వాసన నీళ్ళలోకి పోవాలంటే అంచులు మెల్లగా కరుగుతుండాలి. జెల్లకు వానపాము చాలు. కొర్రమట్ట గడ్డి, తూడు ఉన్న అంచుల్లో తిరుగుతుంది, దానికి బతికిన చిన్న చేప కావాలి.

బెండు టకటకా కొట్టుకుంటే చిన్న చేపలు ఎర కొరుకుతున్నట్టు, కర్ర కదపొద్దు. బెండు ఒక్కసారిగా పైకి తేలి పక్కకు పడుకున్నా, మెల్లగా ఒక వైపు లాక్కుపోయినా అప్పుడు మణికట్టుతో ఒక చిన్న గుంజు. కొత్తవాళ్ళు భుజం బలమంతా పెట్టి లాగుతారు, మూతి చిరిగి చేప జారిపోతుంది. తెగిన దారం ఒడ్డున పారేయకండి, పక్షుల కాళ్ళకు చుట్టుకుంటుంది.

చేప కొని ఇంటికి తెచ్చుకోవాలంటే?

కన్ను ఉబ్బి మెరుస్తుండాలి, మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట పడి ఉండిపోకూడదు. బొచ్చె రెండు మూడు కిలోలదైతే ముళ్ళు ఏరుకోవడం తేలిక. పేగులు, మొప్పలు అక్కడే తీయించండి, హైదరాబాద్ దాకా వాటితో తెస్తే పొట్ట దగ్గర చేదెక్కుతుంది. కిలో చేపకు కిలో ఐసు లెక్క. ఐసు కింద, చేప కవరులో మధ్యన, మళ్ళీ పైన ఐసు. కరిగిన నీళ్ళలో ముక్క నానితే రుచి పోతుంది, డబ్బాకు అడుగున కన్నం ఉన్నది చూసుకోండి.

పుట్టి ఎక్కొచ్చా?

వెదురు అల్లి, కింద తారు పూసిన పట్టానో ఫైబరో వేసిన గుండ్రటి తెప్ప అది. మత్స్యకారుల పని సామాను, షికారు బండి కాదు. నిలబడితే బోల్తా కొడుతుంది. సరదాకైనా లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కకండి, డబ్బులిచ్చి ఎక్కించమని వాళ్ళను బలవంతపెట్టకండి.

ఎత్తిపోతల ఎప్పుడు చూడాలి?

డ్యాం నుంచి 11 కిలోమీటర్లు, మాచర్ల దారిలో. చంద్రవంక వాగు 70 అడుగుల ఎత్తు నుంచి పడుతుంది. పైనున్న కాలువ నుంచి నీళ్ళు వదులుతారు కాబట్టి ఎండాకాలంలోనూ ఎంతో కొంత ధార కనిపించే అవకాశం ఉంది. కానీ వానల తర్వాతి రూపం వేరే. కింద మడుగులోకి దిగకండి, అక్కడ మొసళ్ళ పెంపకం కేంద్రం ఉంది, ఆ సంగతి తెలిశాక ఎవరికీ ఇంకో మాట చెప్పక్కర్లేదు.

బుద్ధవనానికి ఎంత సమయం పెట్టుకోవాలి?

రెండున్నర గంటలు. హిల్ కాలనీలో 274 ఎకరాల్లో ఉంది, 2022 మే 14న ప్రారంభమైంది. నడక ఎక్కువ, నీడ తక్కువ. సాయంత్రం నాలుగింటికి వెళ్ళి ముందు బుద్ధ చరితవనం, జాతకవనం చూసి, ఎండ తగ్గాక అమరావతి స్తూపం తరహాలో కట్టిన మహాస్తూపం దగ్గరికి చేరండి. గోపురం కింద లోపల మాట్లాడితే మాట గింగిరాలు తిరుగుతుంది. శ్రీలంక ఇచ్చిన 27 అడుగుల బుద్ధ విగ్రహం, అక్కడి ఔకన బుద్ధుడికి నమూనా, కూడా ఇక్కడే. పొద్దున కొండ మీద మ్యూజియం చూసినవాళ్ళకు ఇక్కడి శిల్పాలు రెట్టింపు అర్థమవుతాయి, అందుకే ఈ వరస తిరగేయొద్దు.

సాయంత్రాలు ఏం చేస్తారు? ఏమీ తోచదంటారు కదా?

మాల్, మల్టీప్లెక్స్ కావాలంటే నిజంగానే ఏమీ తోచదు. హిల్ కాలనీ రోడ్లు వెడల్పు, బండ్లు తక్కువ, చెట్లెక్కువ, రాత్రి భోజనం ముందు గంట నడక ఊరి అలవాటు. మైదానాల్లో పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు, అడిగితే మీవాళ్ళనూ చేర్చుకుంటారు. షటిల్ బ్యాట్లు తెచ్చుకుంటే గాలి లేని చోటు వెతుక్కోవాలి. డబ్బులు పెట్టి పేకాట మాత్రం గదిలో అయినా కేసే.

ఒక్క ముచ్చట. హైదరాబాద్‌లో చాలా ఇళ్ళ నల్లాలకు వచ్చే కృష్ణా నీళ్ళు ఈ జలాశయం నుంచే, పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి అక్కంపల్లి జలాశయం మీదుగా పంపినవే. సాగర్ మట్టం 510 అడుగులకు దగ్గర పడితే నగరంలో అత్యవసర పంపింగ్ వార్తలు మొదలవుతాయి. ఒడ్డున చిప్స్ ప్యాకెట్ పారేసే ముందు ఆ సంగతి పిల్లలకు చెప్పండి, బోర్డుల కంటే బాగా పనిచేస్తుంది.

కార్తీకంలో దీపాలు వదలడానికి ఏం తెచ్చుకోవాలి?

అరటి దొప్ప, ఆవునెయ్యి, వత్తులు. దొప్పను జానెడు ముక్కలుగా కోసి, వంపు లోపలికి ఉండేలా రెండు చివర్లూ పుల్లతో గుచ్చండి. వత్తిని నెయ్యిలో ముంచి, గట్టిపడ్డ నెయ్యి ఉండ మీద నిలబెట్టాలి. ద్రవంగా ఉన్న నూనె పోస్తే దొప్ప ఒరగగానే ఒలికి ఆరిపోతుంది. దీపం నీళ్ళ మీద పెట్టి తోయకండి, అరచేత్తో పక్కన నీళ్ళను మెల్లగా వెనక్కి నెట్టితే దానంతట అదే ముందుకు పోతుంది. ఎదురుగాలి ఉన్న సాయంత్రం ఎంత నెట్టినా మెట్ల దగ్గరికే తిరిగొస్తుంది, అప్పుడు ఘాట్‌కు ఇంకో చివరికి మారండి. థర్మోకోల్ గిన్నెలు కొనొద్దు. తెల్లవారుజామున నాలుగు నుంచి శివాలయం ఘాట్ కిక్కిరిసి ఉంటుంది, పౌర్ణమి, సోమవారాలు తప్పిస్తే ప్రశాంతం. కృష్ణా పుష్కరాలు 2016 ఆగస్టులో జరిగాయి, మళ్ళీ 2028లోనే.

డ్రోన్ ఎగరేయొచ్చా?

డ్యాం భద్రతా ప్రాంతం. ఎగరేయొద్దు, తెచ్చుకోనే వద్దు.

తిండి తీసుకెళ్ళాలా?

ఒక పూటకు పులిహోర, సర్వపిండి కట్టుకెళ్ళండి, రెండూ సాయంత్రం దాకా పాడవవు. పెరుగన్నం ఎండకు పులుస్తుంది. మిగతా పూటలకు ఊళ్ళో చేపల కూరతో భోజనం దొరుకుతుంది, పదకొండింటికే చెప్పి పెట్టుకోండి, రెండు దాటితే వేపుడు అయిపోతుంది. ఘాట్ దగ్గర, వ్యూ పాయింట్ల దగ్గర కోతులు ప్లాస్టిక్ కవరు గరగర వినగానే వస్తాయి. గుడ్డ సంచిలో పెట్టి జిప్ ఉన్న బ్యాగులో వేయండి. లాక్కుంటే వదిలేయండి, తిరిగి లాగితే కరుస్తాయి. కరిస్తే సబ్బు పెట్టి పావుగంట పారే నీళ్ళ కింద కడిగి, అదే రోజు రేబిస్ టీకా వేయించుకోవాలి.